ఏడు రాళ్ళ లూపు

నిన్న నేనేం చేశానో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, నాకేం పర్వాలేదు, టీ మాత్రం చొక్కా మీద పోసుకోకండి. బీకాం సెకండ్ క్లాసులో పాసైనవాణ్ణి, టైపు హయ్యర్ గట్టెక్కినవాణ్ణి, నిన్న ఆదివారం పొద్దున ఉదయగిరి బస్టాండు నుంచి మూడు మైళ్ళు, కాళ్ళకి చెప్పుల్లేకుండా, నెత్తిన పొంగలి కుండ పెట్టుకుని నడిచాను. దారిలో తెలిసినవాళ్ళిద్దరు ఎదురై, "ఏంది రమణయ్యా, మొక్కా?" అన్నారు. "మొక్కే" అన్నాను. అంతకంటే ఏం చెప్పమంటారు? ఇదంతా మా పెద్దసారు నడక సరదాతో మొదలైందంటే వాళ్ళు నమ్ముతారా? మీరూ నమ్మరు. అయినా వినండి.

ముందు నా ఏడుపు చెప్పాలి. అప్పట్లో నా ఉద్యోగం ఉదయగిరిలో. నా భార్య సుజాత ఉద్యోగం ఆత్మకూరులో, స్కూల్లో టీచరు. నాలుగు నెలల పాప ఆమె దగ్గరే. నేనేమో ఉదయగిరిలో ఒక గది తీసుకుని, కిరసనాయిలు స్టౌ మీద రోజూ నియమం తప్పకుండా అన్నం మాడ్చుకుంటూ, శనివారం సాయంత్రం బస్సెక్కి ఆత్మకూరు పోయి సోమవారం పొద్దున్నే తిరిగొచ్చేవాణ్ణి. పోగానే ఆశగా పాపని ఎత్తుకునేవాణ్ణి. ఎత్తుకోవడమే ఆలస్యం, ఆ పిల్ల నా మొహంలోకి ఒకసారి చూసి, వీధి వీధంతా వినపడేలా ఎత్తుకునేది రాగం. "కొత్త మొహం గదా అల్లుడా, అందుకే" అనేది మా అత్త. కన్నకూతురికి నాది కొత్త మొహం! మిగతా విషయాల్లో నాకు సిగ్గూ ఎగ్గూ తక్కువే గానీ, ఆ మాటకి మాత్రం నిజంగా కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

ఆత్మకూరు ఆఫీసుకి ట్రాన్స్‌ఫర్ చేయమని అర్జీ పెట్టాను. అది ఆ ఆఫీసులోనే కూర్చునే మా పెద్దసారు బల్ల మీద ఆరు నెలలుగా హాయిగా పడుకుని ఉంది. దాని మీద ఆయన టీ కప్పు పెట్టుకుంటారని అక్కడి అటెండరు చెప్పాడు. పోనీ, ఏదో ఒక పనికి వస్తోంది కదా అనుకున్నాను.

ఆ పెద్దసారు హైదరాబాదు మనిషి. ట్రైనింగులో ఉత్తరాది కొండలన్నీ నడిచి వచ్చాట్ట. అప్పటినుంచీ ఆయనకి నడక పిచ్చి. మాఘమాసంలో మా ఆఫీసు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చారు. రిజిస్టర్లు చూశారు, విసుక్కున్నారు, టీ తాగారు. కిటికీలోంచి ఉదయగిరి కొండ వైపు చూసి, "ఇక్కడ మంచి ఫారెస్ట్ వాక్ ఏదైనా ఉందా? ఏటి పక్కన ఉండాలి. ఒక్కటే కండిషన్. పోయిన దారినే తిరిగి రావడం నాకు అసహ్యం. లూప్ కావాలి" అన్నారు.

ఉదయగిరిలో నాకు తెలిసిన లూపు ఒకటే. గదిలోంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి మెస్సుకి, మెస్సు నుంచి గదికి. నోరు మూసుకుని ఉండొచ్చు కదా? ఉంటే నేను రమణయ్యని ఎందుకవుతాను!

"ఉండాది సార్!" అన్నాను. "బ్రహ్మాండమైన లూపు ఉండాది. ఏటి గట్టునే పోయి, మడుగు కాడ ఏరు దాటి, అవతల అడవిలో పడి తిరిగి రావచ్చు."

"నువ్వు నడిచావా?"

"బోలెడు సార్లు సార్."

ఆయన నన్ను కొత్తగా చూశారు. "నీదే కదూ ట్రాన్స్‌ఫర్ అర్జీ? వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం వస్తాను. అంతా నువ్వే ప్లాన్ చెయ్యి. నీలో ఎంత పని ఉందో నాకూ తెలుస్తుంది" అని లేచారు.

అర్థమైంది కదా? నడక బాగుంటే నేను ఆత్మకూరు. బాగోకపోతే ఇక్కడే మాడిన అన్నం, అక్కడ కూతురికి కొత్త మొహం.

ఇక ప్లానింగు. నా పక్కగదిలో మస్తాన్ ఉండేవాడు. ఉదయగిరి చెక్క గరిటెలు మీరు చూసే ఉంటారు, అవి చెక్కే మనిషి. చెక్క కోసం అడవిలో తిరిగి తిరిగి ఆ చుట్టుపక్కల ప్రతి పొదా తెలుసు. విషయం చెప్పగానే, "అట్టాంటి దోవ ఉండాది సారూ. మూడు మైళ్ళవతల రోడ్డు పక్కన పల్లె లేదా, ఆడ మొదులు పెట్టి, మళ్ళా ఆడికే రావచ్చు. ఆ పొద్దు నేనొస్తాలే, నా ఎనకమాల నడిస్తే చాలు" అన్నాడు.

ఎంత మంచి మాట! ఆ మాట వినుంటే ఈ కథ లేదు. కానీ నాకేమనిపించిందంటే, మస్తాన్ ముందు నడిస్తే పేరు మస్తాన్‌కి పోతుంది. రేపు సారు ఆ సంతోషంలో మస్తాన్‌ని ఆత్మకూరుకి ట్రాన్స్‌ఫర్ చేస్తే నా గతేంటి? అందుకని, "వద్దు భాయ్, గైడు ఉంటే అది ట్రెక్కు కాదంట. ముందు ఆదివారం ఒకసారి దోవ చూపించు. గుర్తులు పెట్టుకుంటా" అన్నాను.

ఆ ఆదివారం ఆత్మకూరు రావడం లేదని ఉత్తరం రాశాను. సుజాత జవాబు ఒక్క వాక్యం: "పాప మిమ్మల్ని అడిగిందని చెబుదామనుకున్నాను గానీ, అడగలేదు."

సరే, పోయాం. నిజంగా బాగుంది. ఏట్లో నీళ్ళు పాదాల పైకి వస్తాయి, అంతే. గట్టున కానుగ చెట్లు, లోపలికి పోతే బలుసు పొదలు, కలే పొదలు. చిక్కంతా ఎక్కడంటే, మేకలు తొక్కిన దోవలు అడుగడుక్కీ చీలిపోతుంటాయి. "కొమ్మలు ఇరిచి పెట్టుకుందాం సారూ, మేమట్టే చేస్తాం" అన్నాడు మస్తాన్. కొమ్మలు విరవడమా! పెద్దసారు ఏమనుకుంటారు? అది శాస్త్రీయంగా లేదు అన్నాను. నేను ఇంటి దగ్గర్నుంచే ఒక బకెట్లో సున్నం, ఒక డబ్బాలో గోడలకి పూసే జాజు, రెండు కుంచెలు తెచ్చాను.

చీలిక వచ్చిన చోటల్లా, ఏ దోవన పోవాలో ఆ దోవ మొదట్లో మోకాలెత్తు రాయి ఒకటి నిలబెట్టాం. పడిపోకుండా చుట్టూ చిన్న రాళ్ళు పేర్చాం. రాయి మొత్తానికి సున్నం. ఎదర జాజుతో పైకి చూసే ఎర్ర బాణం. వీపున నంబరు. అలా ఒకటి, రెండు, మూడు... లెక్క పెట్టి చూస్తే లూపు మొత్తానికి సరిగ్గా ఏడు రాళ్ళు. పని మొదలుపెట్టేటప్పుడు శుభమా అని ఒకటో నంబరు రాయి దగ్గర టెంకాయ కొట్టాను. కొబ్బరి ఇద్దరం తిన్నాం. చిప్పలు అక్కడే పడేశాం.

మస్తాన్ నాలుగడుగులు వెనక్కి వేసి ఆ రాయిని చూశాడు. చిప్పల్ని చూశాడు. గడ్డం గోక్కున్నాడు.

"సారూ, ఇది చూస్తే నాకెట్టెట్టో ఉండాది."

"ఎట్టుంది?"

"నాకెందుకులే. ఇది మీ వాళ్ళ ఎవ్వారం. నువ్వు చదువుకున్నోడివి, నీకు తెలవదా!"

"దూరం నుంచి కనపడాలి గదా మస్తాన్! అందుకే అట్టా." నాకు వాడి మీద జాలేసింది. పాపం, ప్లానింగ్ తెలియదు కదా అనుకున్నాను. అవతలి గట్టున మేకలు మేస్తున్నాయి. మేకలు తప్ప నరమానవుడు లేడు, చక్కగా ఎవరూ చెడగొట్టరు అన్నాను. "మేకలుంటే మేకల మనిషీ ఉంటది గదా" అని గొణిగాడు మస్తాన్. నేను వినిపించుకోలేదు. ఒకటో నంబరు మీద సున్నం ఆరిందా లేదా చూసుకుంటున్నాను.

వారమంతా ఆఫీసులో టైపు మిషన్ ముందు కూర్చుని ప్లాను తయారుచేశాను. కార్బన్లు పెట్టి మూడు కాపీలు. సారుకి ఒకటి, నాకొకటి, ఫైలుకొకటి. ఏడు గంటలకు జీపు దిగుట. ఏడూ పదికి ప్రకృతి ఆరంభం. ఎనిమిదిన్నర నుంచి ఎనిమిదీ నలభై దాకా పక్షులు. పదింబావుకు మడుగు వద్ద ఫోటో. పదకొండున్నరకు ఏరు దాటుట. పన్నెండున్నరకు లూపు సమాప్తం, జీపు వద్ద భోజనం. కింద గీత గీసి, "గుర్తులు: తెల్ల రాయి, ఎర్ర బాణం, వెనుక నంబరు. మొత్తం ఏడు." ఆ కింద ఇంకో గీత, "గమనిక: గైడు అవసరం లేదు." టైపు హయ్యర్ చదివింది ఎందుకో ఆ కాగితం చూస్తే తెలుస్తుంది. అక్షర దోషం ఒక్కటి లేదు.

ఆదివారం వచ్చింది. సారు జీపులో దిగారు. తెల్ల టోపీ, కాన్వాసు బూట్లు, మెడలో బైనాక్యులర్సు. నిమ్మకాయ పులిహోర, పెరుగన్నం ఉన్న టిఫిన్ క్యారియర్ ప్లాను ప్రకారం జీపులోనే ఉంచాం, తిరిగొచ్చాక తినాలి కదా. సారు కాగితం చదివి, "గుడ్, వెరీ సిస్టమాటిక్" అన్నారు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. మనసులో అప్పటికే ఆత్మకూరులో ఇల్లు వెతుకుతున్నాను.

జీపు ఆగిన చోట, పల్లె మొదట్లో, ఒక ముసలామె కర్ర పట్టుకుని నిలబడి ఉంది. సారుని చూడగానే దగ్గరికొచ్చింది. "పెద్దాఫీసరువా నాయనా? మా ఊరికాడ బస్సు ఆపడం ల్యా. చెయ్యెత్తితే దుమ్ము కొట్టి పోతా ఉండాడు. పురిటికి పోవాలన్నా మూడు మైళ్ళు నడవాల. నువ్వన్నా చెప్పయ్యా" అంది. సారు, "అది మా డిపార్ట్‌మెంట్ కాదమ్మా" అన్నారు. "ఎవుర్నడిగినా ఇదే మాట" అని ఆమె పక్కకి తప్పుకుంది. నేను, "సార్, ఏడూ పది అయింది, ప్రకృతి ఆరంభం" అని గుర్తుచేశాను.

వందడుగులు వేశాం. మొదటి చీలిక వచ్చింది. ఒకటో నంబరు రాయి లేదు.

కళ్ళు నులుముకుని చూశాను. లేదు. చుట్టూ పేర్చిన చిన్న రాళ్ళు కూడా లేవు. "ఏదీ నీ మొదటి గుర్తు?" అన్నారు సారు. "మొదటిది పెట్టలేదు సార్, సస్పెన్సు కోసం" అన్నాను. ఏదో గుర్తున్నట్టు కుడివైపు దోవ పట్టాను. రెండో చీలిక. రెండో రాయి లేదు! మూడో చీలిక దగ్గర నేల మీద గుండ్రటి గుంట, రెండు సున్నం పెళ్ళలు, ఒక తమలపాకు. "ఇదేమిటి?" అన్నారు సారు. "ఎవురో తాంబూలం వేసుకున్నట్టున్నారు సార్."

అక్కడ్నుంచి నేను మేకల్ని నమ్ముకున్నాను. మేక ఎటు తొక్కితే అటు. తుమ్మముళ్ళు సారు టోపీని రెండుసార్లు లాక్కున్నాయి. ఎనిమిదిన్నర అయింది. సారు గడియారం చూసుకుని, "పక్షులేవీ?" అన్నారు. ఆ సమయానికి ఎక్కడో ఒక కాకి అరిచింది. "అదుగో సార్" అన్నాను. బైనాక్యులర్సు ఎత్తలేదాయన.

ఏటి బురదలో ఎడమ బూటు ఇరుక్కుంది. కాలు వచ్చింది, బూటు రాలేదు. ఇద్దరం వంగి లాగాం. తాగే నీళ్ళు పదిన్నరకే అయిపోయాయి. మడుగు అనేది ఎటుందో దేవుడికి తెలియాలి. సారు ఒక బండ మీద కూర్చుని, జేబులోంచి బత్తాయి తీసి, ఒలిచి, తొక్క పక్కన పడేసి, నాకు రెండు తొనలు ఇచ్చారు. మంచాయనే, కాదనను. లేచి మళ్ళీ నడిచాం. చెమటలు కక్కుతూ గంటన్నర నడిచాం. ఇంకో బండ కనపడింది. హమ్మయ్య అని కూర్చోబోయాం.

సారు కిందికి చూశారు. వంగి ఏదో తీశారు.

"రమణయ్యా, ఇది నా బత్తాయి తొక్క."

ఏం చెప్పాలి? "లూపు కదా సార్" అన్నాను.

ఆయన నన్ను చూసిన చూపు మీకు చెప్పలేను. కొండల్లో పులి ఎదురైనా ఆయన అలా చూసి ఉండరు. "నువ్వు ఈ దారిన బోలెడు సార్లు నడిచావు, కదూ?" అన్నారు మెల్లగా. ట్రాన్స్‌ఫర్ అర్జీ మీద టీ కప్పు కాదు, టీ గిన్నె పెట్టేసినట్టు కనపడుతోంది నాకు.

అప్పుడు వినపడింది పలకల డప్పు మోత. టకటకమని, దగ్గర్లోనే. మనుషులున్నారు! సారు నన్ను అడగను కూడా అడగలేదు, ఆ చప్పుడు వైపు పరిగెత్తినంత పని చేశారు. పొదలు తోసుకుంటూ వెనక నేను. పది నిమిషాల్లో పల్లె పక్కన ఒక కానుగ చెట్టు కిందికి బయటపడ్డాం. అవతల చూస్తే మా జీపు! పొద్దున దిగిన చోటికి సరిగ్గా వంద గజాలు. ఐదు గంటల నడక, వంద గజాల ప్రయాణం.

కానీ నేను జీపుని చూడటం లేదు. చెట్టు కింద రెండొందల మంది జనం. ఆడవాళ్ళు పొంగలి పొంగిస్తున్నారు. చెట్టు మొదట్లో వరసగా, పసుపు పూసి, కుంకాలు పెట్టి, వేపాకులు చుట్టి, నా ఏడు రాళ్ళు!

పొద్దున కనపడ్డ అవ్వ, పేరు పెంచలమ్మట, కర్ర తాటించుకుంటూ ఎదురొచ్చింది. "రాండి నాయనా, రాండి. మంచి పొద్దున వచ్చినారు. ఏడుగురు అక్కచెల్లెళ్ళు, పోయిన ఆదివారం వెలిసినారు."

"ఎక్కడ వెలిశారమ్మా?" అన్నారు సారు, చెమట తుడుచుకుంటూ.

"అడవిలో నాయనా. ఒక్కోతి ఒక్కో దిక్కున. పెద్దామెకి అప్పటికే ఎవురో మారాజు టెంకాయ కొట్టిపోయినాడు, చిప్పలు కూడా ఆడనే ఉన్యాయి. ఆడబిడ్డలు అట్టా చెట్టుకొకతి పుట్టకొకతి ఇడిగా ఎట్టుంటారు చెప్పు? ఊరంతా పోయి ఎత్తుకొచ్చి ఒకచోట చేర్చినాం. నుదుట శూలం చూడు, ఏడుగురికీ ఒకే తీరు. ఈపున వాళ్ళ వరసలు వాళ్ళే రాసుకున్నారు! మా అంగడాయన చదివి చెప్పినాడు. ఈమె పెద్దామె, ఆ కొసన ఉండేది చిన్నామె."

సారు మెల్లగా జేబులోంచి నా ప్లాను కాగితం తీశారు. మడత విప్పారు. కళ్ళజోడు పెట్టుకున్నారు. "తెల్ల రాయి, ఎర్ర బాణం, వెనుక నంబరు. మొత్తం ఏడు." పైకి చదవలేదు గానీ, పెదాలు కదలడం నాకు కనపడుతూనే ఉంది. రాళ్ళని చూశారు. కాగితాన్ని చూశారు. నన్ను చూశారు.

"రమణయ్యా, ఆర్ దీజ్ యువర్ మార్కర్స్?"

"నో సార్. ఎస్ సార్."

ఆయన చుట్టూ ఉన్న రెండొందల మందిని ఒకసారి చూసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకుని, "నోరు మూసుకుని దండం పెట్టు" అన్నారు. తను కూడా పెట్టారు. హైదరాబాదు మనిషైనా సమయస్ఫూర్తి ఉంది.

పెంచలమ్మవ్వ నా మోచెయ్యి పట్టుకుని ముందుకి లాగింది. "నీకేందో కష్టం ఉండాది నాయనా, మొగంలో తెలస్తా ఉండాది. అమ్మలకి చెప్పుకో." నేను పోయి నాలుగో నంబరు రాయి ఎదురుగా నిలబడ్డాను. నా చేత్తో నేనే సున్నం కొట్టిన రాయి. నవ్వు రావాలి కదా? రాలేదు. ఆకలి, భయం, అవమానం, వీటన్నిటి కింద నుంచి పాప ఏడుపు మొహం గుర్తొచ్చింది. ఇక ట్రాన్స్‌ఫర్ రాదు, ఆ పిల్ల నన్ను చూసి ఏడుస్తూనే పెరుగుతుంది అనిపించింది. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. "అమ్మా, నా బిడ్డ దగ్గరికి నన్ను పంపించు" అని నిజంగానే మొక్కుకున్నాను. పక్కన సారు ఉన్నారని మరిచిపోయి పైకే అన్నాను. కళ్ళు తుడుచుకుని తిరిగి చూస్తే, సారు ఆకులో పొంగలి మూడోసారి పెట్టించుకుంటున్నారు.

జీపెక్కేటప్పుడు ఒక్క మాట అన్నారు. "నిన్ను ఏం చెయ్యాలో ఆలోచిస్తాను." అంతే. పులిహోర క్యారియర్ని డ్రైవరు అప్పటికే ఖాళీ చేసేశాడు, ప్లాను ప్రకారం పన్నెండున్నరకి.

సాయంత్రం మస్తాన్‌కి చెప్పాను. చెక్కుతున్న గరిటె కింద పడేసి, పొట్ట పట్టుకుని, గోడకి ఆనుకుని నవ్వాడు. "ఎట్టెట్టో ఉండాదని ఆ పొద్దే చెప్పినా గదా సారూ! నేనొస్తానంటే వద్దంటివి."

ఇంతటితో అయిపోతే బాగుండేది. నాలుగో రోజుకి ఈ మాట బస్సుల్లో ఎక్కి ఆత్మకూరు చేరింది. ఉదయగిరి కాడ ఏడుగురు అమ్మవార్లు వెలిశారట, చెప్పుకుంటే చాలట. ఆ ఆదివారం సుజాత పాపని ఎత్తుకుని తనే వచ్చేసింది. నన్ను వెంటబెట్టుకుని కానుగ చెట్టు దగ్గరికి పోయి, కొంగు నడుముకి చుట్టి, "అమ్మా, మా ఆయనకి ట్రాన్స్‌ఫర్ వస్తే, బస్టాండు నుంచి నీ దాకా ఆయన ఉత్తకాళ్ళతో, నెత్తిన పొంగలి కుండతో నడిచొస్తాడు" అని మొక్కేసింది. గమనించారా? మొక్కు ఆమెది, కాళ్ళు నావి.

తిరిగి వస్తుంటే ధైర్యం చేసి, "సుజాతా, నిజం చెబుతా విను. ఆ రాళ్ళు నేనే..." అన్నాను.

"నోరు ముయ్యండి, కళ్ళు పోతాయి" అంది. మూసుకున్నాను. ఆ నెలలో అది రెండోసారి.

నెల తిరక్కముందే ఆర్డరు వచ్చింది! ఆత్మకూరు. సంతకం పెద్దసారుదే. ఎగిరి గంతేశాను. తర్వాత కింద ఆయన చేత్తో రాసిన రెండు ముక్కలు చదివాను. "ఈ ఉద్యోగిని సొంతంగా వదిలివేయుట క్షేమం కాదు. ఎల్లప్పుడూ నా కళ్ళ ఎదుట ఉండవలెను." ఆ కాగితం సుజాతకి చూపించాను. ఆమె కింది ముక్కలు చదవలేదు. పై ముక్కలు చదివి ఉదయగిరి వైపు తిరిగి దండం పెట్టింది. పాప సంగతి చెప్పమంటారా? ఇప్పుడు నేను ఎత్తుకుంటే ఏడవదు. నేను ఆఫీసుకి బయల్దేరితే ఏడుస్తుంది. ఆ ఏడుపు వినడానికి రోజూ గుమ్మం దగ్గర కావాలనే ఒక నిమిషం ఆలస్యం చేస్తాను. సారు తిడతారు, తిట్టనీండి.

అదీ నిన్నటి నా పాదయాత్ర కథ. కుండ దించి, పొంగలి పెట్టి, ఏడుగురి ముందూ బోర్లా పడుకుని దండం పెట్టాను. లేచి చూస్తే పెంచలమ్మవ్వ పక్కన నిలబడి ఉంది. ఒక చేతిలో సున్నం ముంత, ఇంకో చేతిలో జాజు ముంత, చంకలో కుంచె.

"అమ్మలకి రంగు పోయింది నాయనా. రవ్వంత దిద్దిపో."

"నేనా? నాకేం తెలుసు అవ్వా!"

"పోయినసారి జాజు మరీ నీళ్ళు చేసినావు. ఈసారన్నా చిక్కగా కలుపు."

చుట్టూ చూసి గొంతు తగ్గించాను. "అవ్వా... నువ్వు చూసినావా?"

"అవతలి గట్టున మేకలు ఎవురివనుకున్నావు?"

"మరి తెలిసి కూడా ఊరికి చెప్పలేదేంది?"

ఆమె కర్రతో రోడ్డు వైపు చూపించింది. బస్సు ఆగి ఉంది. జనం దిగుతున్నారు, టెంకాయలతో, పిల్లలతో. కండక్టరు కిందికి దిగి తీరిగ్గా బీడీ వెలిగించుకుంటున్నాడు. "పదైదేండ్లు చెయ్యెత్తినా. ఒక్క ఆఫీసరు మా మాట ఇన్లా. ఇప్పుడు రోజుకి రెండు బస్సులు ఆగతా ఉండాయి. మాకు బస్సొచ్చింది, నీకు బదిలీ వచ్చింది. నడమ నీ ఏడుపేంది? పట్టు కుంచె!"

పట్టుకున్నాను. జాజు చిక్కగా కలిపాను. ఏడు బాణాలూ దిద్దాను, వీపున ఏడు అంకెలూ దిద్దాను. పెంచలమ్మవ్వ వెనక నిలబడి, మా పెద్దసారు కంటే బాగా ఇన్‌స్పెక్షన్ చేసింది. రెండో నంబరు బాణం వంకరపోయిందని చెరిపించి మళ్ళీ వేయించింది. నిజం చెప్పొద్దూ, ఇంత చక్కని ప్లానింగు నేను నా సర్వీసులో చూడలేదు.

పని అయ్యాక అవ్వ, "అడవిలో పడి పోతావా నాయనా, చల్లగా ఉంటది, సుట్టుదిరిగి రోడ్డెక్కచ్చు" అంది, మొహం కదపకుండా. నేను చేతులు కడుక్కుని నేరుగా పోయి ఆ బస్సులో కూర్చున్నాను. లూపు లేదు, గీపు లేదు. పోయిన దోవనే తిరిగొచ్చాను.